ఆకు వాడేదాకా

ఈ మధ్య నా మోకాళ్లు మాట వినడం మానేశాయి. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ "ఎంత తిరిగిన కాళ్లండి ఇవి" అని జాలిపడి, కాఫీ తాగి వెళుతున్నారు. తిరిగిన మాట నిజమే. మన్యం కొండల్లో తిరిగిన సంగతి మా ఇంట్లో పిల్లలకు కథలా చెప్పాను కూడా. అయితే ఆ కథ ఎప్పుడూ సగమే చెప్పాను. రెండో సగం తెలిసినవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. అందుకని ధైర్యంగా రాస్తున్నాను.

అప్పటికి గోదావరి మీద రైలు వంతెన లేదు. రాజమహేంద్రవరంలో మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పే ఓపిక లేక, టీకాల ఉద్యోగంలో చేరాను. ఇది గౌరవమైన ఉద్యోగమని మా మేనమామ చెప్పాడు. ఆయన ఎప్పుడూ చెయ్యలేదు కనక ఆయనకు తెలియదు. నేను కాలవగట్టు మీద కనపడగానే ఊళ్లో తల్లులు పిల్లల్ని గాదెల్లోకి దించి మూతలు పెట్టేవారు. ఒక ఇల్లాలు నా ఎదుటే నిలబడి "మాకు పిల్లల్లేరండి" అంది. ఆవిడ వెనకాల గాదె తుమ్మింది. "చిరంజీవ" అనేసి పక్కింటికి వెళ్లాను.

నాకే టీకాలు పడలేదన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. మా అమ్మకు నాకు ముందు ముగ్గురు. ఒకే వేసంగిలో అమ్మవారు, అదే మశూచికం, పోసి ముగ్గురూ పోయారు. నేను కడుపున పడ్డప్పుడు అమ్మ ఆ తల్లితో ఒక ఒప్పందం చేసుకుంది. "ఈ ఒక్కణ్ణీ నాకు వదిలెయ్యి తల్లీ, వీడి ఒంటిమీద దొరల సూది పడనివ్వను" అని మొక్కింది. తల్లి ఒప్పుకుందో లేదో గాని నేను బతికాను, కాబట్టి ఒప్పుకుందనే అమ్మ నమ్మకం.

మరి ఉద్యోగంలో ఎలా చేర్చుకున్నారంటే, ఆరో నెలలో నాకు మూర్ఛ వస్తే మా నాయనమ్మ పసుపుకొమ్ము కాల్చి ఎడమ జబ్బ మీద వాత పెట్టింది. అది గుండ్రంగా, నున్నగా, అచ్చం టీకా మచ్చలా కుదిరింది. ఇన్‌స్పెక్టరుగారు చొక్కా పైకెత్తమన్నారు, చూశారు, కాగితం మీద గీత గీశారు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అందులో అబద్ధం ఎక్కడుందో నాకిప్పటికీ తెలియదు. ఆ మచ్చే చూపించి ఊరూరా "నాకూ వేశారమ్మా, చూడండి, గుండ్రాయిలా ఉన్నాను" అనేవాణ్ణి. అబద్ధం అక్కడుంది.

ఒక మాఘమాసంలో కొండమీంచి ఒక మనిషి మా ఆఫీసు అరుగు మీదికి వచ్చి కూచున్నాడు. కొండరెడ్ల తెగవాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. భుజాన గొడ్డలి, నడుముకు గోచీ, మీద గొంగడి. కొండల్లో సర్కారు మీద లేచిన పితూరీ అణిగి అప్పటికి కొన్నేళ్లే అయింది. సర్కారు మనిషి నీడ కనపడితే అడవిలోకి పరిగెత్తే రోజులవి. అలాంటిది ఇతను నాలుగు రోజులు నడిచొచ్చి, టీకాలాయన్ని తీసుకుపోతానంటాడు. వాళ్ల గూడేనికి రెండు కొండల అవతల లోయలో అమ్మవారు దిగిందట. ఇతనికి ఒక్కతే కూతురు, ఆరేళ్లది. తల్లి లేదు.

"దాన్ని అట్టేపెట్టుకోవాలండి" అన్నాడు.

ఇన్‌స్పెక్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన ఉద్యోగంలో టీకాలు కావాలని వచ్చిన మొదటి మనిషి ఇతనే. వెంటనే పంపడానికి దగ్గర్లో ఎవరున్నారా అని చూశారు. నేనున్నాను.

అమ్మ పులిహోర, సున్నుండలు, గోంగూర పచ్చడి మూటకట్టింది. "కొండల్లో నీళ్లు తాగకు, చలిజ్వరం వస్తుంది" అంది.

"మరేం తాగనే?"

"తాగకుండా ఉండు" అంది అమ్మ.

మా మందు గాజు గొట్టాల్లో ఉండేది. గడ్డిపరక కంటే సన్నం. వాటిని దూదిలో చుట్టి రేకు డబ్బాలో పెట్టి, డబ్బాకు తడిగుడ్డ చుట్టి, సంచిలో వేసుకోవాలి. ఎండ తగిలితే మందు చచ్చిపోతుంది. ఇదంతా ఇన్‌స్పెక్టరుగారు నాకు చెబుతుంటే ఆ కొండ మనిషి విన్నాడు. డబ్బా వంక చాలాసేపు చూశాడు.

"రేకు ఎండెక్కితే పెనమేనండి" అన్నాడు. "మా పిల్ల గొట్టం నాకిచ్చేయండి. నేను మోసుకుంటా."

నాకు నవ్వొచ్చింది. ఒకటి ఇచ్చాను. అతను వెదురు కణుపొకటి కోసి, అందులో తడి పాచి దట్టించి, గొట్టాన్ని మధ్యలో గుచ్చి, మూతికి అడ్డాకు బిగించి మొలకు కట్టుకున్నాడు. దారిపొడుగునా వాగు కనపడినప్పుడల్లా దాన్ని తడిపేవాడు. నా డబ్బాకు చుట్టిన గుడ్డ నేను కూడా తడిపేవాణ్ణి, గుర్తున్నప్పుడు.

గోకవరం దాటి ఇంకొంత దూరం బండి మీద వెళ్లాం. ఆ తర్వాత బండివాడు దిగమన్నాడు, ఎదురుగా కొండ ఉంది కనక. దూరపు కొండలు నునుపన్నవాడు మా డెల్టావాడే అయ్యుంటాడు. దగ్గరికి వెళ్లకుండానే అంత మాట తేల్చాడు. మా వైపు నేల ఎంత చదునంటే, మా ఊళ్లో మెరక అంటే మూరెడెత్తు. నేను పుట్టాక ఎక్కిన అతి పెద్ద ఎత్తు కాలవగట్టు.

పావుగంట ఎక్కాక నేను అడిగిన మొదటి ప్రశ్న "ఇంకెంత దూరం?" అని.

అతను పక్క చెట్టునుంచి గుప్పెడాకులున్న రెమ్మ విరిచి నా చేతిలో పెట్టాడు. "ఈ ఆకు వాడితే ఒక కోసండి. అప్పుడు కూచుందాం. లేచి ఇంకోటి విరుద్దాం. చీకటి పడేలోపల ఆరు రెమ్మలు."

కోసంటే రెండు మైళ్లని మా లెక్క, ఇదేం కొలతరా బాబూ అనుకున్నాను. రెండో రోజుకు అర్థమైంది. పొద్దున్న మంచులో ఆకు ఓ పట్టాన వాడదు, అప్పటి కోసు పొడుగు. మధ్యాహ్నం ఎండలో గబగబా వాలిపోతుంది, ఆ కోసు కురచ. మనిషి చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ నడుస్తాడు, ఎండలో తక్కువ నడుస్తాడు. ఆకుకు ఆ సంగతి తెలుసు. సర్వే వాళ్ల గొలుసుకు ఆ దయ లేదు.

దయ ఉంది గాని నాకు చాలలేదు. మొదటి రోజే కాళ్లు బొబ్బలెక్కాయి. కొండ ఎక్కితే లోయ, లోయలో వాగు, వాగు దాటితే మళ్లీ కొండ. ఎవరో దేవుడు పని తెలియక ఒకే కొండను పదిసార్లు చేసి పెట్టినట్టుంది. అతను ముందు నడిచేవాడు, వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. చూస్తే నామీద జాలేసి ఆగాల్సి వస్తుందని కాబోలు. ఎప్పుడైనా మాట్లాడితే కూతురి గురించే.

"నేను బయటికెల్తానంటే గొడ్డలి దాచేత్తదండి" అన్నాడొకసారి. "గొడ్డలి లేకుండా అడవిలోకెల్లనని దానికి తెల్సు. ఈసారి దాయలేదు. ఎందుకెల్తున్నానో చెప్పాను."

మొదటి గూడెం చేరేసరికి అక్కడ ఒక్క మనిషీ లేడు. పొయ్యి మీద అంబలి ఉడుకుతోంది, కోళ్లు తిరుగుతున్నాయి, మనుషులు మాయం. అతను నా వంక చూసి, "కోటు ఇప్పేయండి బాబూ" అన్నాడు. ఒంటిమీది సర్కారు కోటు విప్పి మడిచాను. అతను అడవి వైపు తిరిగి ఏదో కేకేశాడు. కాసేపటికి ఒక్కొక్కళ్లే వచ్చారు. అంబలి పోశారు, జీలుగు కల్లు పోశారు. నీళ్లు తాగొద్దన్న అమ్మ మాట గుర్తుకొచ్చి కల్లే తాగాను. ఆ తర్వాత ఏ గూడెంలోనూ కోటు తొడగలేదు. నాలుగు రోజులూ అది సంచిలోనే నాకంటే సుఖంగా ప్రయాణం చేసింది.

రెండో గూడెం ఎత్తయిన లోయలో ఉంది. పొద్దున్న లేచి చూస్తే మబ్బు మా కాళ్లకింద పాలకుండ పొంగినట్టు పరుచుకుని ఉంది. వాలు మీద పోడు కొట్టిన నేల నల్లగా ఉంది. అంత అందమైన చోటు నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. అప్పుడు మాత్రం ఒక కాలి బొటనవేలి గోరు ఊడిపోయి ఉండటంతో దాన్ని చూస్తూ కూచున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం నేను చేసిన పని ఇది. పెద్ద ఎక్కుడు ఎక్కాం. అతను సొరకాయ బుర్రలో నీళ్లు నింపడానికి, వెదురు కణుపు తడపడానికి వాగులోకి దిగాడు. నా చేతిలో రెమ్మ పచ్చగా, పెళ్లికూతురిలా ఉంది. ఇంకా సగం కోసైనా కాలేదని దాని మొహమే చెబుతోంది. పక్కనే నల్లబండ, మీద ఎండ. ఆ రెమ్మను బండమీద పరిచాను. గాలికి ఎగిరిపోతుందని దాని కాడమీద నా సంచి పెట్టాను. పెట్టి, చెట్టునీడకు వెళ్లి ఒరిగాను. నడిచి నడిచి ఉన్నాను, కన్ను అంటుకుంది.

అతను వచ్చి లేపాడు. ఆకులు అప్పడంలా అయ్యాయి. రెమ్మ తీసి చూశాడు, బండ వంక చూశాడు.

"ఆకు వాడిందండి" అన్నాడు. "కోసు వాడలేదు."

అని పక్కనే కూచున్నాడు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గులో సంచి అందుకున్నాను. చెయ్యి చురుక్కుమంది. తడిగుడ్డ ఎప్పుడో ఎండి గలగలమంటోంది. లోపల డబ్బా పొయ్యి మీంచి దించిన గిన్నెలా ఉంది.

ఆ సాయంత్రం ఎవరూ చూడకుండా డబ్బా తెరిచాను. గొట్టాలు ఎప్పటిలాగే తళతళలాడుతున్నాయి. బతికిన మందుకూ చచ్చిన మందుకూ చూపులో తేడా ఉండదు. కాని నాకు తెలుసు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. నేను ఆకు పట్టుకునే కాల్చుకున్నాను. అతనికి చెప్పలేదు. మర్నాడంతా అడక్కుండానే గబగబా నడిచాను. అతను ఒకసారి వెనక్కి తిరిగి చూసి ఆశ్చర్యపోయాడు.

నాలుగో రోజు పొద్దువాలేవేళకు వాళ్ల గూడెం చేరాం. రెండు శిఖరాల మధ్య గుర్రం వీపులాంటి చోట పది పన్నెండు వెదురు తడికల ఇళ్లు. అవతలి లోయకు పోయే దారికి అడ్డంగా ముళ్లకంపలు పడేశారు, అటువాళ్లు ఇటు రాకుండా. ఒక పిల్ల పరిగెత్తుకొచ్చి తండ్రి కాలు పట్టుకుంది. నన్ను చూసి దాక్కోలేదు. "సూదేది?" అంది. నా ఉద్యోగంలో ఆ మాట అడిగిన పిల్లను అంతకుముందు చూడలేదు.

అందరూ చుట్టూ చేరారు. అలవాటుగా చొక్కా పైకెత్తి, అలవాటుగా చెప్పాను. "భయపడకండి. నాకూ వేశారు, చూడండి, గుండ్రాయిలా ఉన్నాను."

అతని తల్లి ముందుకొచ్చింది. ఎండిన చింతబెరడులాంటి ముసలామె. బొటనవేలితో నా మచ్చ రుద్దింది.

"ఇది వాత, నాయనా" అంది. "పసుపుకొమ్ము వాత. నేను ఎంతమందికి పెట్టానో. ఎవరు పెట్టారు?"

రాజమహేంద్రవరంలో ఇన్‌స్పెక్టరుగారికి తెలియనిది ఈవిడ వేలికి తెలిసింది. "మా నాయనమ్మ" అన్నాను.

"మంచి చెయ్యి" అంది ముసలామె. "మరి నీకు సూది పడలేదుగా. ముందు నువ్వేసుకో. నీ చెయ్యి ఏమవుద్దో చూసి, అప్పుడు పిల్లల చేతులిస్తాం."

గూడెమంతా తలూపింది. ఇంత న్యాయమైన మాటకు మా నిబంధనల పుస్తకంలో జవాబు లేదు.

అతన్ని ఇంటి వెనక్కి తీసుకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను. బండ సంగతి, డబ్బా సంగతి, మా అమ్మ మొక్కు సంగతి. బతికున్న మందంటూ ఉంటే అతని మొలనున్న ఒక్క గొట్టమేనన్నాను. అది ఒక మనిషికే సరిపోతుంది, సగం సగం చేస్తే ఇద్దరికీ పట్టకపోవచ్చు. దాన్ని నాకు వేసుకుంటే ఎనిమిదో రోజుకు నా చేతిమీద పొక్కులు పొంగుతాయి, ఆ పొక్కుల నీరు తీసి పిల్లలందరికీ వెయ్యొచ్చు. అప్పట్లో చేతినుంచి చేతికి అలాగే వేసేవాళ్లం. కాని ఆ ఎనిమిది రోజులూ అతని కూతురికి ఏ కాపూ ఉండదు. ముళ్లకంపకు అవతల అమ్మవారుంది.

అతను నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. వెదురు కణుపును చేతిలో తిప్పుతూ కూచున్నాడు.

"నా పిల్లకే చాటుగా ఏసేత్తే?" అన్నాడు.

"వెయ్యొచ్చు. దాని చేతినుంచి కూడా మిగతా పిల్లలకు తీయొచ్చు."

"పొక్కు చాటుగా పొంగదు కదండి" అన్నాడు మళ్లీ తనే. "దానికి జొరమొత్తే మా అమ్మ చూత్తది. మాట తప్పారని పిల్లల్నందర్నీ అడవిలోకి పట్టుకుపోతారు. ఇంక మీ చేతికి ఎవరూ దొరకరు."

నేను ఇంకో నిజం కూడా చెప్పాను. నాకు భయంగా ఉందని. నేను సూది వేసే పిల్లలకు ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. మొక్కు తప్పితే చచ్చిపోతానని నిజంగానే నమ్మాను, మెట్రిక్యులేషను దాకా చదివి కూడా.

"మాటిచ్చింది మీ అమ్మగారు" అన్నాడతను. "ఒళ్లు మీది."

అని కూతురి గొట్టం నా చేతిలో పెట్టాడు.

గూడెం చూస్తుండగా నా ఎడమ జబ్బ మీద, వాత పక్కనే, నాలుగు గాట్లు పెట్టుకున్నాను. మొదటి గాటు వంకరపోయింది. పిల్లలెవరూ నవ్వలేదు.

ఆ ఎనిమిది రోజులు నేను మనిషిని కాను, ఆ గూడేనికి దూడను. మా శాఖలో మందు కోసం పెంచే దూడలుంటాయని విన్నాను. వాటికి మేతైనా మంచిది పెడతారు. నాకు సామన్నం, చింతపండు పులుసు. రోజూ పొద్దున్నే అందరూ వరసగా వచ్చి నా జబ్బ చూసి వెళ్లేవారు. ముసలామెది మొదటి వంతు. మూడో రోజు ఎర్రబడింది. "ఊఁ" అందామె. అయిదో రోజు ముత్యంలా నీరు పట్టింది. "ఊఁ" అంది. మందు బతికే ఉందని నేను లోపల ఏడ్చినంత పనిచేశాను.

పిల్ల నా మంచం పక్కనే ఉండేది. రోజుకొక ఆకు తెచ్చి చూరులో దోపేది, ఎనిమిది అయ్యేదాకా. నాకు జ్వరమొస్తే తడి ఆకులు నుదుటి మీద వేసేది. "నువ్వు చచ్చిపోతే మాకు ఎయ్యరా?" అని ఒకసారి అడిగింది. వెయ్యరని చెప్పాను. ఆ పూట ఇంకో రెండు తడి ఆకులు ఎక్కువ వేసింది.

సాయంత్రాలు అతను శిఖరం ఎక్కి అవతలి లోయలో ఏ ఇంట పొగ లేస్తోందో, ఏ ఇంట లేవడం లేదో చూసొచ్చేవాడు. వచ్చి నా జబ్బ ఇంకోసారి చూసేవాడు. ఆరో రోజున ముళ్లకంప అవతలినుంచి ఎవరో ఉప్పు కావాలని కేకేశారు. వాళ్ల చుట్టమే. దొప్పలో ఉప్పు పోసి, వాసపు కర్రతో కంప మీంచి అవతలికి తోశారు. ఆ మనిషి మొహం నిండా పొక్కులే. ఆ రోజు అతను కూతుర్ని ఇంట్లోంచి బయటికి రానివ్వలేదు. నేను నా పొక్కుల వంక చూసి, "పొంగండే తల్లుల్లారా" అన్నాను. ఆలస్యం అమృతం విషం అన్న మాట అప్పటిదాకా పెళ్లిముహూర్తాల గురించే అనుకున్నాను.

ఎనిమిదో రోజు ముసలామె చూసి, "కానీ" అంది. మొదటి చెయ్యి పిల్లది. ఏడవలేదు. "నాకూ వాత ఉంటదా?" అంది. ఉంటుందన్నాను. తర్వాత గూడెంలో పిల్లలంతా వరసగా వచ్చారు. గాదెలు లేని ఊళ్లో పని ఎంత సుళువో ఆరోజు తెలిసింది. చివర్న ముసలామె వచ్చి తన జబ్బ చాపింది. అప్పటికి నా పొక్కులు నాలుగూ వట్టిపోయాయి.

"నీకు ఇంకో ఎనిమిది రోజులాగి వేస్తానమ్మా" అన్నాను. "పిల్లల చేతులు పొంగాక వాటినుంచి తీసి వేస్తాను. తతిమ్మా పెద్దవాళ్లకు కూడా."

"సరే" అంది.

వేసిన నాలుగో రోజుకు పిల్లలందరి చేతులూ ఎర్రబడి పైకి లేచాయి. పట్టింది. పిల్ల తన జబ్బను అందరికీ చూపించుకుంటూ తిరిగింది. అతను దాన్ని భుజాన ఎక్కించుకుని శిఖరం దాకా తీసుకెళ్లాడు. ఆ సాయంత్రం అతని మొహం నాకింకా గుర్తుంది. నాకు పప్పుచారు గుర్తొచ్చింది. పప్పుచారు, వరన్నం, అమ్మ, నా మంచం, చదునైన నేల. ఒక్కసారి గుర్తొచ్చాయా, ఇంక నిలవలేకపోయాను. మర్నాడు పొద్దున్న, ఆఫీసులో అర్జెంటు పనుందన్నాను.

"మరి నాకు?" అంది ముసలామె.

"వచ్చే ఏడు వస్తాగా."

"సరే నాయనా. పెద్దదాన్ని, నాకేం తొందర."

అతను గొడ్డలి తీసుకుని ముందు నడిచాడు. కిందికి దిగిన నాలుగు రోజులూ రెమ్మ విరిచి తనే పట్టుకున్నాడు. నేను కూచుందామన్నప్పుడల్లా, ఆకు వంక చూడకుండానే కూచున్నాడు.

ఇంటికి రాగానే అమ్మ నా జబ్బ చూసింది. "ఎవడు పొడిచాడు?" అంది.

"నేనే."

అమ్మ గట్టిగా ఏడ్చింది. తర్వాత చలివిడి, పానకం పట్టుకెళ్లి అమ్మవారికి పెట్టి, "వాడు వట్టి మూర్ఖుడు తల్లీ, వాణ్ణి పట్టించుకోకు, మాట నాదీ నీదీ" అని సర్దుబాటు చేసుకొచ్చింది. ఏడాదిపాటు నేను తుమ్మినా లేచి కూచునేది. నేను చావలేదు.

వచ్చే ఏడు వచ్చింది. నన్ను కోనసీమ వైపు వేశారు. నేను అడిగితే కొండల వైపు వేసేవారు. అడగలేదు.

ఆ వేసంగిలో ఒకరోజు అతను మా ఇంటికి వచ్చాడు, కూతుర్ని వెంటబెట్టుకుని. చేతిలో వాడిన రెమ్మ. "మీ దేశంలో కోసులు మరీ కురచండి బాబూ" అన్నాడు. "ఎండకి నాలుగడుగులకే వాడిపోతున్నాయి." అమ్మ మజ్జిగ ఇచ్చింది. పిల్ల తన జబ్బ చాపి నాలుగు మచ్చలూ అమ్మకు చూపించింది. నా జబ్బ కూడా పట్టుకుని పక్కన పెట్టింది, రెండూ ఒకటేనని. అమ్మ ఆ చిన్న చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. పోయిన ముగ్గురిలో ఒకతెది ఆ వయసేనట.

"అమ్మవారు మీ ఊరొచ్చిందా?" అని అడిగింది అమ్మ.

"వచ్చిందమ్మా, పోయినేడు వానలకి ముందు. పిల్లల్లో ఒక్కళ్లనీ తాకలేదు. ఇంటింటికీ తిరిగి చూసి పోయింది." చేతిలో రెమ్మ కింద పెట్టి, "మా అమ్మని తీసుకుపోయింది" అన్నాడు.

నా చేతిలో మజ్జిగ గ్లాసు ఉంది. కింద పెట్టడానికి చోటు కనపడలేదు.

"ఆవిడకు వెయ్యలేదేంరా?" అని అమ్మ నా వైపు తిరిగింది.

నేను నోరు తెరిచేలోపల అతనే చెప్పాడు. "మందైపోయిందండి. బాబుగారు తన చేతిలోది ఆకరి బొట్టు దాకా పిల్లలకే పోశారు. ఇంక లేదు."

అమ్మ నా జబ్బ మీద చెయ్యి వేసి నిమిరింది. ఏడాది తర్వాత మొదటిసారి ఆ మచ్చల్ని ముట్టుకుంది. నా కొడుకు ఎంత మంచిపని చేశాడో అన్నట్టు చూసింది. పోయేదాకా ఇరుగుపొరుగులకు ఆ మాటే చెప్పుకుంది. అతను నా మొహం చూడలేదు. పిల్లను లేపి, గట్టునుంచి కొత్త రెమ్మ విరిచి, కాలవ వెంట వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ, ఎక్కడ టీకాలు వేసినా ఎనిమిదో రోజు దాకా కదల్లేదు. నా పట్టుదలకు పైవాళ్లు ఒకసారి మెచ్చుకోలు కాగితం కూడా ఇచ్చారు. అది ఏ పెట్టెలో ఉందో తెలియదు.

మందు అయిపోలేదు. గూడెంలో పిల్లలందరి చేతులమీదా ఉంది, ఇంకో నాలుగు రోజుల్లో పొంగేది. నేనే ఉండలేదు.